“సరే” అన్నందుకు మూడు గంటల శిక్షణ పెట్టారు. ఇంతకీ సంస్కృతి అంటే ఏమిటి?

రాత్రిపాళి_రుషికొండ
పోయిన నెల ఒక నెదర్లాండ్స్ క్లయింటుతో ఫోను సమావేశం. “శుక్రవారానికి ఇది అవుతుందా?” అని ఆయన అడిగాడు. “సరే, చూస్తాం” అన్నాను. అన్నది ఇంగ్లీషులోనే, లోపల పలికింది మాత్రం మన తెలుగు “చూస్తాం”. ఆ మాటకు అర్థమేమిటో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. శుక్రవారం వచ్చింది, పని కాలేదు. ఆయన అరవలేదు, కసరలేదు. మా మేనేజరుకు రెండు వాక్యాల ఉత్తరం రాశాడు: మీవాళ్ళు ఔనంటే కాదని అర్థమా, ఆ సంగతి ముందే చెబితే బాగుండేది అని.

దాని ఫలితంగా మొన్న శనివారం పద్దెనిమిది మందికి మూడు గంటల శిక్షణ. శిక్షకుడు తెర మీద నీళ్ళలో తేలే మంచుకొండ బొమ్మ వేశాడు. పైన కనిపించేది తిండి, బట్ట, పండగ. కింద కనిపించనిది విలువలు, నమ్మకాలు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఒక పట్టిక: భారతీయులు నేరుగా చెప్పరు, పైవాడికి ఎదురు చెప్పరు, వేళ పాటించరు. డచ్చివాళ్ళు, అంటే ఆ నెదర్లాండ్స్‌వాళ్ళు, ముక్కుసూటి మనుషులు. నేను చెయ్యెత్తి “ఏ భారతీయులు?” అన్నాను. నాది భీమిలి. నా పక్క కుర్చీలో మూడు తరాలుగా విశాఖలో స్థిరపడిన మార్వాడీ కుటుంబం కుర్రాడు. ముందు వరుసలో పాడేరు అమ్మాయి, వెనక కోల్‌కతా ఆయన. “సగటున చెబుతున్నానండి” అన్నాడు.

అక్కడ తీరలేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను. పరదేశం వాళ్ళతో, పరభాష వాళ్ళతో మాట్లాడే విషయంలో “సంస్కృతి” అని దేన్ని అంటారు? కూచిపూడి, పులిహోర కాదని తెలుసు. దేశమా? భాషా? కులమా? చేసే ఉద్యోగమా? రెండు రాత్రులుగా నన్ను తొలుస్తున్నది ఇంకొకటి ఉంది. ఆ రోజు నేనన్న “సరే” నా సంస్కృతా, నా భయమా?

మాడుగుల_హల్వా
మూడు గంటల శిక్షణలో భోజనం పెట్టారా లేదా?

రాత్రిపాళి_రుషికొండ
పెట్టారు. ఒట్టి శాకాహారం. అందరికీ సరిపోతుందని అలా చేశారట. మా పాడేరు అమ్మాయి ముఖం చూడవలసింది.

డాబాగార్డెన్స్_డబ్బా
సంస్కృతీ లేదు, చట్టుబండలూ లేవు. డబ్బిచ్చేది ఆయన, పుచ్చుకునేది మీరు. రేపు మీరు డబ్బు పెట్టి ఆయనతో పని చేయించుకోండి, “చూద్దాం” అంటే ఏమిటో వారంలో నేర్చుకుంటాడు. మా ఇంటి యజమాని అద్దె పెంచుతానన్నప్పుడల్లా నేను “చూద్దామండి” అంటాను. ఆయనకు చక్కగా అర్థమవుతుంది, అయినా పెంచుతాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే భాష. ఇల్లు మాత్రం ఆయనది.

పాత_ఉక్కు
డబ్బా గారూ, మీ మాట సగం నిజం. మిగతా సగానికి ఒక సంగతి చెబుతాను.

ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు, ఎనభైల చివర. సోవియట్ ఇంజినీర్లు కుటుంబాలతో సహా ఇక్కడే ఉండేవారు. నేను అప్పుడు కుర్ర ఇంజినీరును. వాళ్ళలో ఒక పెద్దాయన స్వదేశం వెళ్ళిపోతుంటే మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పూర్ణా మార్కెట్ నుంచి గులాబీలు తెప్పించి ఆయన భార్య కోసం గుత్తి కట్టించారు. లెక్కగా డజను. ఆవిడ చేతిలోకి తీసుకుంది, కళ్ళతోనే లెక్కపెట్టింది, ముఖంలో రంగు మారింది. దుబాసీ దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పాడు. వాళ్ళలో బతికున్న మనిషికి బేసి సంఖ్యలోనే పువ్వులిస్తారట, సరి సంఖ్య అంత్యక్రియలకట. మా ఆవిడ అది విని ఒక పువ్వు లాగి తన జడలో పెట్టుకుంది. పదకొండయ్యాయి. ఆ రష్యా ఆవిడ పకపకా నవ్వి మా ఆవిడను కావలించుకుంది.

అసలు తమాషా ఆ తర్వాత. చీర, రవికెల గుడ్డ, దాని మీద నూట పదహార్లు పెట్టి ఇచ్చాం. దుబాసీ నోట్లు లెక్కపెట్టి నా వంక చూశాడు. “ఇదీ సరి సంఖ్యే కదండీ!” అన్నాడు.

అక్కడ ఎవరికీ ఎవరి మీదా పెత్తనం లేదు, బేరమూ లేదు. వాళ్ళకొక లెక్క, మనకొక లెక్క. ఎవరి లెక్క వాళ్ళకు ఎంత సహజమంటే ఎదుటివాళ్ళకు చెప్పాలని కూడా తోచలేదు. నాకు తెలిసిన సంస్కృతి అది.

మాడుగుల_హల్వా
అంటే మన పెళ్ళి చదివింపులన్నీ రష్యా లెక్కలో సంతాపాలే. పెళ్ళికొడుకుల్ని అడిగితే నిజమే అంటారేమో.

కంచరపాలెం_క్యారేజీ
హల్వా గారికి పెళ్ళయిందని అందరికీ అర్థమైంది.

అచ్చుతప్పు
భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, భరించండి.

ఈ మాట మీద తగువు నేటిది కాదు. 1871లో టైలర్ అనే ఇంగ్లండు మానవశాస్త్రజ్ఞుడు జ్ఞానం, నమ్మకం, కళ, నీతి, చట్టం, ఆచారం, ఇంకా సమాజంలో ఒకడిగా మనిషి అలవరచుకున్నదంతా కలిపి సంస్కృతి అన్నాడు. ఆ వాక్యంలో బరువంతా “అలవరచుకున్న” అనే మాట మీద ఉంది. రక్తంలో వచ్చేది కాదు, పెరిగిన చోట అంటుకునేది. 1952లో క్రోబర్, క్లకాన్ అని ఇద్దరు అమెరికన్లు అప్పటిదాకా ఎవరెవరు ఎలా నిర్వచించారో పోగుచేస్తే 164 తేలాయి. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళలో ఎన్ని చేరాయో మీరే ఊహించుకోండి.

మన మాటకు ఇంకో చిక్కుంది. ఇంగ్లీషు “కల్చర్” లాటిన్‌లో సేద్యం నుంచి పుట్టింది. బెంగాలీలో దానికి సరిగ్గా సరిపడేలా “కృష్టి” అన్నారు, మన కృషి లాంటిదే. ఠాగూరుకు ఆ మాట గిట్టలేదు, “సంస్కృతి” వైపు మొగ్గాడు. మనకూ అదే నిలిచింది. కాని సంస్కృతి అనగానే మెరుగుపెట్టినది, గొప్పది అనే వాసన తగులుతుంది. అందుకే “వాడికి సంస్కృతి లేదు” అని తిట్టగలుగుతున్నాం. టైలర్ చెప్పిన అర్థంలో అది లేని మనిషే ఉండడు.

ఇక మీ పట్టిక ఎక్కడిదంటే, వేర్వేరు సంస్కృతులవాళ్ళ మధ్య సంభాషణను పరిశీలించే శాస్త్రానికి ఆద్యుడని ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికా మానవశాస్త్రజ్ఞుణ్ణి చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా తన దౌత్య ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే సంస్థలో ఆయన పాఠాలు చెప్పాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు నిర్వచనాలు అక్కర్లేదు. వచ్చే నెల వెళ్ళబోయే దేశంలో మనిషికి ఎంత దూరంలో నిలబడాలి, గుమ్మం ముందు ఎంతసేపు కూర్చోబెడితే అవమానం, మౌనానికి అర్థమేమిటి, ఇవి కావాలి. అందుకని ఆయన కాలం, దూరం, గొంతు, సైగ పట్టుకున్నాడు. 1959 నాటికి సంస్కృతే సంభాషణ, సంభాషణే సంస్కృతి అనేదాకా వచ్చాడు. నాకనిపించేది ఇది: దౌత్య ఉద్యోగిని పంపేది ఒక దేశానికి. అందుకే ఈ శిక్షణల్లో సంస్కృతికి దేశం పేరు అతుక్కుపోయింది. మీ శిక్షకుడు అబద్ధం చెప్పలేదు, డెబ్భై ఏళ్ళ కిందటి టిక్కెట్టు మీద మిమ్మల్ని బస్సెక్కించాడు.

డాబాగార్డెన్స్_డబ్బా
ఇదంతా చదివాక నా ఇంటద్దె తగ్గుతుందా?

అచ్చుతప్పు
చూద్దాం.

దీపస్తంభం
రాత్రిపాళి గారూ, మీది భీమిలి అన్నారు, సంతోషం, మాదీ అదే. డచ్చివాళ్ళ సమాధులు మన ఊళ్ళో ఇంకా ఉన్నాయి కదా. 17వ శతాబ్దంలో వచ్చి బట్టల వ్యాపారం చేశారు, 1824 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్ళకు అప్పగించారు. ఆ కాలంలో మన నేతగాళ్ళు “వచ్చే వారానికి అందిస్తాం దొరా” అని వాళ్ళతో ఎన్నిసార్లు అన్నారో! రెండు వందల ఏళ్ళకు మళ్ళీ అదే ఫిర్యాదు, ఈసారి ఈమెయిల్లో.

మాడుగుల_హల్వా
ఆ సమాధుల మీద పువ్వులు పెట్టేటప్పుడు లెక్క చూసుకోండి.

దీపస్తంభం
అది రష్యా అండీ. మీరూ సగటు తీసేస్తున్నారు.

లంగరు
వాణిజ్య నౌకలో సెకండ్ ఆఫీసరును. సెలవు మీద మల్కాపురంలో ఉన్నాను. మా ఓడలో ఇరవై రెండు మంది, ఐదు దేశాల వాళ్ళు. అందరూ “ఎస్” అంటారు, ఒక్కొక్కరి “ఎస్” ఒక్కో రకం. ఒకరికి విన్నానని, ఇంకొకరికి ఒప్పుకున్నానని, మావాడు ఒకడున్నాడు, వాడికి ఇక నన్ను వదలమని.

నీళ్ళ మీద ఆ తేడాకు మనుషులు పోతారు. అందుకే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఓడల మీద వాడే వాక్యాలను 2001లో ఖరారు చేసింది. అందులో నాకు నచ్చిన నియమం ఒకటుంది. ఔనని చెప్పాలంటే ఔను ఒక్కటే చాలదు, అడిగిన సంగతిని పూర్తి వాక్యంగా తిరిగి చెప్పాలి. చుక్కాని పట్టినవాడూ అంతే, ఆజ్ఞ వినగానే అదే మాట తిరిగి పలకాలి, తిప్పాక మళ్ళీ పలకాలి. ఫిలిప్పీన్స్ వాడి మనసులో ఏముందో ఉక్రెయిన్ వాడు పుస్తకాలు చదివి తెలుసుకోనక్కర్లేదు.

రాత్రిపాళి గారిని ఒకటి అడుగుతాను. ఆ రోజు మీరు “శుక్రవారం సాయంత్రానికి ఈ పని పూర్తిచేసి పంపిస్తాం” అని మొత్తం పలకవలసి వస్తే పలికేవారా?

రాత్రిపాళి_రుషికొండ
పలికేదాన్ని కాదు. “శుక్ర” దగ్గరే గొంతు తడారిపోయేది.

లంగరు
అయితే ఆ వాక్యం పలికించనందుకు తప్పు ఆయనది కూడా.

విరమణ_నావికుడు
లంగరు చెప్పిందే మా నౌకాదళంలోనూ. నేను ఇరవై ఏళ్ళు చేసి బయటికొచ్చాను. పంజాబీ, మలయాళీ, బిహారీ, అందరం ఒకే మాట ఒకేలా వినేవాళ్ళం. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది, మీకు మీ అన్నయ్య కంటే ఆ కొచ్చి ఆయనే దగ్గర అని. నిజమే. మా అన్నయ్యతో పెళ్ళిలో పది నిమిషాలు మాట్లాడేసరికి మాటలు అయిపోతాయి. కొచ్చి ఆయనతో ఫోను పెట్టబుద్ధి కాదు. కాబట్టి ఉద్యోగమూ సంస్కృతే అని నా ఓటు.

ఒక పాత ప్రమాదం గుర్తొచ్చింది. 1990 జనవరి 25న కొలంబియా నుంచి వచ్చిన ఒక విమానం ఇంధనం అయిపోయి న్యూయార్క్ దగ్గర కూలింది. 73 మంది చనిపోయారు. ఇంధనం అయిపోతోందని విమానంలోంచి కంట్రోలుకు చెప్పారు. “అత్యవసర పరిస్థితి” అనే మాట మాత్రం పలకలేదు. ఆ మాట వింటే తప్ప కింద ఉన్నవాళ్ళు మిగతా విమానాలన్నిటినీ పక్కకు తప్పించరు.

డాబాగార్డెన్స్_డబ్బా
ఇప్పుడు ఎవరో ఒకరు వచ్చి అది కొలంబియా సంస్కృతి, పెద్దవాళ్ళకు ఎదురు చెప్పరు అంటారు చూడండి. ఒక్క మాట తెలియకపోవడం, వాడకపోవడం అది. దానికి దేశాన్ని మొత్తం బోనెక్కించడమెందుకు?

అచ్చుతప్పు
అన్నవాళ్ళు ఉన్నారు, మీలాగే కాదన్నవాళ్ళూ ఉన్నారు. “పైవాడికి ఎదురు చెప్పరు” అనేదానికి ఒక కొలబద్ద కూడా ఉంది, మీ శిక్షణలో చూపించే ఉంటారు. దాని పేరు అధికార దూరం, అంకె పెద్దదైతే దూరం ఎక్కువ. భారతదేశానికి 77, నెదర్లాండ్స్‌కు 38. తమాషా ఏమిటంటే దాన్ని తయారుచేసిన హాఫ్‌స్టెడ్ కూడా డచ్చివాడే. ఐబీఎం కంపెనీకి వివిధ దేశాల్లో ఉన్న ఉద్యోగుల చేత 1967, 1973 మధ్య నింపించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాల మీద లెక్కగట్టి 1980లో వెలువరించాడు. ఒక్క కంపెనీ ఉద్యోగులు దేశం మొత్తానికి ఎలా నిలబడతారని చాలామంది విరుచుకుపడ్డారు. ఆ కంపెనీ 1978లో మన దేశం వదిలి వెళ్ళింది కూడా, తర్వాతెప్పుడో తిరిగొచ్చింది. న్యాయంగా చెప్పాలంటే హాఫ్‌స్టెడ్ స్వయంగా అన్నాడు, ఈ అంకెలు దేశాన్ని దేశంతో పోల్చడానికే, ఎదురుగా ఉన్న మనిషిని కొలవడానికి కాదని. ఆ హెచ్చరిక శిక్షణ తెరల దాకా రాదు.

రాత్రిపాళి_రుషికొండ
అంటే మా నాన్నకు పెళ్ళి కాకముందే నన్ను కొలిచేశారు.

సీతమ్మధార_సీతాకోక
జర్మనీలో నర్సుగా పనిచేస్తున్నాను, రాత్రి డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. చేరిన కొత్తలో జరిగింది. ఎనభై ఆరేళ్ళ పెద్దావిడ ఉండేది. నా వేళ అయిపోయాక ఆవిడ దగ్గరికి వెళ్ళి, నాకొచ్చిన కాస్త జర్మన్‌లో “వెళ్ళొస్తాను” అన్నాను. మాటకు మాట, వెళ్ళి, వస్తాను అని. మర్నాడు తెలిసింది, ఆవిడ దీపం ఆర్పనివ్వకుండా తెల్లవార్లూ నాకోసం కూర్చుందట. “ఆ పిల్ల వస్తానని చెప్పింది” అని రాత్రి నర్సుతో గొడవ కూడా.

ఆవిడకు నేనెలా చెప్పను? మా ఇంట్లో ఉత్త “వెళ్తాను” అంటే మా నాయనమ్మ గుమ్మంలోనే ఆపి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, మళ్ళీ సరిగా చెప్పించి పంపేది. ఆ మాట నా నోటికి రాదు. జర్మన్‌లోనూ రాదు.

అచ్చుతప్పు
సీతాకోక గారూ, విచిత్రం చూశారా, వాళ్ళ వీడ్కోలు మాటకు కూడా అర్థం “మళ్ళీ చూసుకునేదాకా” అనే కదా. ఆ మాట విని ఎవరూ దీపం పెట్టుకుని కూర్చోరు.

సీతమ్మధార_సీతాకోక
ఔను! నేను ఆ సంగతి ఇప్పటిదాకా ఆలోచించలేదు. మాట అర్థంలో లేదన్నమాట చిక్కు, ఏ మాటను పట్టించుకోనక్కర్లేదో తెలియడంలో ఉంది. “భోజనం చేశారా” అని ఇక్కడ ఒక సహోద్యోగిని అడిగితే, ఆవిడ నేను బయటికి పిలుస్తున్నాననుకుని కోటు తెచ్చుకుంది. వెళ్ళక తప్పలేదు. పద్నాలుగు యూరోలు. మంచి స్నేహితురాలైంది లెండి.

మాడుగుల_హల్వా
మొహమాటం ఖరీదు పద్నాలుగు యూరోలు.

చోడవరం_బెల్లం
హమ్మయ్య, ఇంతసేపటికి ఒకరు ఆ మాట పలికారు. అరవై రెండేళ్ళదాన్ని, మా అబ్బాయి ఫోనులో చదువుతున్నాను. మీరంతా అమెరికా, కొలంబియా తిరిగొచ్చారు గాని, ఆ అమ్మాయి చేసింది మొహమాటపడడం. అది భయమూ కాదు, అబద్ధమూ కాదు. ఎదుటివాడి ముఖం చూసి కాదనలేకపోవడం. వడ్డిస్తుంటే “చాలు, చాలు” అంటాం, విస్తరి మీద చెయ్యి మాత్రం అడ్డం పెట్టం. చెయ్యి పెడితేనే నిజంగా చాలు. వడ్డించేవాళ్ళకు ఆ తేడా తెలుసు. ఫోనులో ఆ డచ్చి ఆయనకు మాట వినిపించింది గాని చెయ్యి కనిపించలేదు.

మొహమాటం మీద మన సామెత ఒకటుంది, ఆడపిల్లలున్న చోట రాయను, అందరికీ తెలిసిందే.

పాత_ఉక్కు
అమ్మా, విస్తరి మీద చెయ్యి మాట ఆ శిక్షకుడు విని ఉంటే మంచుకొండ బొమ్మ తీసేసేవాడు. అయినా విశాఖలో మంచుకొండ ఏమిటండీ, డాల్ఫిన్స్ నోస్ కొండ పెట్టవలసింది.

డాబాగార్డెన్స్_డబ్బా
బెల్లం గారి మాట కాదనలేకపోతున్నాను. (ఇది మొహమాటం కాదు.) కాని ఒక్క ప్రశ్న. మొహమాటం కింది నుంచి పైకే ఎందుకు ఉంటుంది? యజమాని ఎప్పుడూ నా ముందు మొహమాటపడడు.

చోడవరం_బెల్లం
పడతాడు నాయనా. అద్దె పెంచుతున్నానని నీకు ఎదురుగా చెప్పాడా, ఫోనులో పంపాడా?

డాబాగార్డెన్స్_డబ్బా
…వాట్సాప్‌లో పంపాడు.

కంచరపాలెం_క్యారేజీ
పరదేశాలెందుకు. హైదరాబాదులో నా మొదటి ఉద్యోగం. అందరం తెలుగువాళ్ళమే. నేను నోరు విప్పగానే నవ్వేవారు. మన ఉత్తరాంధ్ర మాట సినిమాల్లో హాస్యానికి, పనివాళ్ళ పాత్రలకు వాడి వాడి, అది వింటే నవ్వాలని జనానికి అలవాటైపోయింది. నేను చెప్పేది పనికొచ్చే మాటా కాదా అన్నది తర్వాత. ఆరు నెలల్లో గొంతు మార్చేసుకున్నాను. మా అమ్మ ఫోను చేస్తే మేడ మీదికి వెళ్ళి మాట్లాడేవాణ్ణి, ఆఫీసులో ఎవరైనా వింటారని.

అమెరికా క్లయింటుకు నా యాసా పక్కవాడి యాసా ఒకటే. తేడా పట్టింది రెండు జిల్లాల అవతలివాడు.

ఇప్పుడు ఇంటి దగ్గర మా అమ్మ అంటుంది, “ఎవరితో మాట్లాడుతున్నట్టో ఉందిరా” అని.

విరమణ_నావికుడు
ఆ చివరి మాట బాగా తగిలింది తమ్ముడూ.

పాడేరు_మిరియం
శాకాహారం చూసి ముఖం మాడ్చుకున్న అమ్మాయిని నేను కాదు, కాని మా ఊరి పిల్ల అయితే తప్పకుండా మాడ్చుకునే ఉంటుంది. నేను ఏజెన్సీలో ప్రాథమిక పాఠశాల టీచరును. సంస్కృతి అంటే మా వైపు ఏమిటో చెబుతాను. అరకు వచ్చిన ప్రతివాళ్ళకూ మా సంస్కృతి థింసా నాట్యం. ఫోటో దిగుతారు, వెళ్ళిపోతారు.

నేను పని మొదలుపెట్టిన ఊళ్ళో పిల్లలు ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడతారు. మొదటి వారం బల్ల మీద మూడు చింతగింజలు పెట్టి “ఇవి ఎన్ని?” అని అడిగాను. ఎవరూ నోరు విప్పలేదు. నాలుగు రోజులు అదే. లెక్కలు రావని రాసుకున్నాను కూడా. ఆ పిల్లలే సంతలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని చింతపండు అమ్మి చిల్లర పైసాతో సహా లెక్క తేల్చడం ఆదివారం నా కళ్ళతో చూశాను. ఒక పాపను అడిగితే వాళ్ళక్క చేత చెప్పించింది: “టీచరుకు మూడని తెలుసు కదా, మమ్మల్నెందుకు అడుగుతోంది?”

తెలిసిన జవాబును మళ్ళీ అడగడం అనే వింత ఆచారం మాది, బడిది. వాళ్ళ ఇళ్ళల్లో తెలియనిదే అడుగుతారు. నా పుస్తకంలో ఆ పిల్లలకు “వెనకబాటు” అని రాసి ఉండేది. చెరిపేశాను. ఇంకో బడిలో ఇంకో టీచరు చెరిపారో లేదో తెలియదు.

రాత్రిపాళి గారు “మేము చూస్తాం” అన్నారా, “మనం చూద్దాం” అన్నారా? తెలుగులో అది తేలిపోయేది, ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట. ఆయన కూడా కలిసి చూడాలని ఆయనకు అర్థమైందా?

రాత్రిపాళి_రుషికొండ
మిరియం గారూ, నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. నిజానికి ఆయన వైపు నుంచి రెండు ఫైళ్ళు రావలసి ఉంది. నా మనసులో ఉన్నది “మనం”. ఆయన విన్నది “మేము”.

అచ్చుతప్పు
కువిలోనూ మనం, మేము వేరు వేరు. తమిళంలో నామ్, నాంగళ్. నేటి కన్నడంలో మాత్రం ఆ తేడా చెరిగిపోయింది, రెండూ “నావు”. అలాగని బెంగళూరువాళ్ళకు ఎవరు లోపల, ఎవరు బయట అన్నది తెలియదని కాదు. భాషలో లేనిది బుర్రలో ఉండదనుకోవడం ఇంకో రకం పట్టిక.

పాడేరు_మిరియం
తెలుగులో “మనం” ఉంది కదా అని మురిసిపోకండి. అధికారులు మా ఊరొచ్చి “మనం శ్రమదానంతో రోడ్డు వేసుకుందాం” అంటారు. అందులో ఆయన లేరని చంకన పిల్లకు కూడా తెలుసు.

డాబాగార్డెన్స్_డబ్బా
మిరియం గారికి నా పార్టీలో సభ్యత్వం.

రెండో_కుర్చీ
ఇక్కడ రాయాలా వద్దా అని మధ్యాహ్నం నుంచి ఆలోచిస్తున్నాను. మేడం, మీ పక్క కుర్చీలో కూర్చున్న మార్వాడీ కుర్రాణ్ణి నేనే. మూడు తరాలు కాదు, నాలుగు. మా ముత్తాత ఇక్కడికి వచ్చారు. నేను ఇంట్లో మార్వాడీ మాట్లాడతాను, లెక్కలు హిందీలో చేస్తాను, కోపం మాత్రం తెలుగులోనే వస్తుంది. రాజస్థాన్ వెళ్తే మా బంధువులు నన్ను “మద్రాసీ” అంటారు, ఇక్కడ అందరూ సేఠ్ అంటారు. శిక్షకుడి సగటులో నేను ఎక్కడున్నానో నాకూ తెలియలేదు.

అసలు చెప్పవలసింది ఇది కాదు. ఆ శుక్రవారం పని చేయవలసింది నేను. మంగళవారం మీరు “అవుతుందా?” అని అడిగితే “అయిపోతుంది మేడం” అన్నాను. అవదని నాకు అప్పుడే తెలుసు. నా మాట నమ్మే మీరు ఆయనతో సరే అన్నారు. మీరన్నది మొహమాటం అయి ఉండవచ్చు. నాది శుద్ధ భయం. ఉద్యోగంలో చేరి ఐదు నెలలు.

మాడుగుల_హల్వా
భోజనం గురించి అడగడం ఇక ఆపేస్తున్నాను. కథ ఇప్పుడు మొదలైంది.

డాబాగార్డెన్స్_డబ్బా
నేను మొదటి నుంచీ ఏమన్నాను!

పాత_ఉక్కు
డబ్బా గారూ, ఆగండి. భయం ఉంటే మన ఊళ్ళో “అయిపోతుంది” అంటారు. ఆ డచ్చి ఆయన కింద పనిచేసే కుర్రాడికీ భయం ఉంటుంది, వాడు ఏమంటాడో? అవదని ఎదురుగా చెప్పి, ఇంటికెళ్ళి నిద్రపట్టక దొర్లుతాడేమో. భయం అందరికీ ఉంటుంది, దానికి వేసే చొక్కా ఊరిని బట్టి ఉంటుంది.

రాత్రిపాళి_రుషికొండ
ఇది చదివి పావుగంట ఏమీ రాయలేకపోయాను. నేను “మేడం” అనిపించుకుంటూ, డచ్చి ఆయనను మాత్రం ఒట్టి పేరుతో పిలుస్తున్నాను, ఆయనే అలా పిలవమన్నాడని. నీకు నేను ఆ పట్టికలోని 77 అంత దూరమయ్యానని నాకే తెలియదు. రేపటి నుంచి అక్కా అని పిలువు.

రెండో_కుర్చీ
అలాగే మేడం.

చోడవరం_బెల్లం
అక్కా అంటే ఇంకా కాదనలేడు తల్లీ. మేడంకు అయితే ఏదో ఒక రోజు ఎదురు చెబుతాడు.

రాత్రిపాళి_రుషికొండ
(నాలుగు రోజుల తర్వాత) సోమవారం ఫోను సమావేశంలో లంగరు గారి పద్ధతి ప్రయత్నించాను. ఆయన ఏదడిగినా పూర్తి వాక్యంగా తిరిగి చెప్పాను: ఏ పని, ఎవరు, ఏ తేదీ. రెండు చోట్ల వాక్యం నోట్లోంచి రాలేదు, అక్కడే “ఇది కాదు” అన్నాను. ఆయన నొచ్చుకోలేదు, పక్కకు తిరిగి ఎవరితోనో ఏదో అన్నాడు. తర్వాత ఆయన వంతు వచ్చింది. రెండు ఫైళ్ళు ఎప్పుడు పంపుతారని అడిగాను. “త్వరలో” అన్నాడు. తేదీ చెప్పమన్నాను. కాసేపు మౌనం. “కనుక్కుని చెబుతాను” అన్నాడు.

లంగరు
ముక్కుసూటి మనిషి!

దీపస్తంభం
భీమిలి గాలి తగిలింది వాళ్ళకు.

సీతమ్మధార_సీతాకోక
మా వార్డు పెద్దావిడ ఇంటికి వెళ్ళిపోయింది, మీకు చెప్పడం మరిచిపోయాను. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని తెలుగులో “వెళ్ళొస్తాను” అంది. ఆసుపత్రిలో ఆ మాట అనకూడదని చెప్పబోయి ఊరుకున్నాను.

రెండో_కుర్చీ
మేడం, అక్కా, నిన్న సాయంత్రం మీరు రెండో భాగం బుధవారానికి అవుతుందా అని అడిగారు. నేను “సరే” అన్నాను.

అది కాదు.

రాత్రిపాళి_రుషికొండ
ఎప్పటికి అవుతుంది? పూర్తి వాక్యం రాయి.

రెండో_కుర్చీ
రెండో భాగం శుక్రవారం సాయంత్రానికి పూర్తిచేసి మీకు పంపిస్తాను.

మాడుగుల_హల్వా
ఏ శుక్రవారం?